చూరు బాగుంటేనే గోడ నిలిచేది
పొలం కాలువకు చేసే పూడికతీత ఇంటి దోనెకూ చేయాలి

వాన మొదలైతే రైతు ముందుగా చేను వైపు చూస్తాడు. ఒడ్డు తెగిందా, మడవ నిలిచిందా అని గొడుగేసుకొని పోయి చూసొస్తాడు. ఇంటి చూరు వైపు చూసేది మాత్రం నడి ఇంట్లో బొట్లు పడ్డప్పుడే. అప్పటికే గోడ తడిసి ఉంటుంది, మూలకు పెట్టిన బస్తాలు చెమ్మగిల్లి ఉంటాయి.

కోనరావుపేట మండలంలో కొలనూరు అయినా, నిమ్మపల్లి అయినా, మల్కపేట అయినా ఒకే వాడలో మూడు రకాల ఇండ్లు కనిపిస్తాయి. తాతల నాటి గూనపెంక ఇండ్లు, రేకుల ఇండ్లు, కొత్తగా పోసిన డాబాలు. ఇంటి తీరు ఏదైనా కప్పు మీద పడ్డ నీళ్లు గోడకు తగలకుండా దూరంగా పోవాలి. అందుకే చూరు కింద దోనె కడతాం, డాబాకు తూము పెడతాం. వాటిని కట్టించడానికి వేలు ఖర్చు పెట్టినవాళ్లు కూడా ఏడాదికి ఒక్కసారైనా చెయ్యి పెట్టి లోపలి చెత్త తీయరు. ‘‘గా రేకుకు ఏమైతది తియ్యి’’ అనుకుంటారు. రేకుకు ఏమీ కాదు. అయ్యేది గోడకే.

నీళ్ల లెక్క

ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవున్న ఇల్లు 600 చదరపు అడుగులు, అంటే సుమారు 55 చదరపు మీటర్లు. ఒక రాత్రి 5 సెంటీమీటర్ల వాన పడితే ఆ కప్పు మీద నుంచి దిగేది దాదాపు 2,750 లీటర్లు. 20 లీటర్ల డబ్బాలతో లెక్కిస్తే 137 డబ్బాలు.

దోనె బాగుంటే ఇవన్నీ గొట్టంలో పడి దూరంగా పోతాయి. దోనె మధ్యలో గుప్పెడు వేపాకు అడ్డం పడితే అన్నీ అక్కడే పొంగి, గోడ ఒక్క మూలనే తడుపుతాయి. అసలు దోనె లేని చూరు నీళ్లను పొడవునా సమంగా పోస్తుంది. పూడిన దోనె అంతకన్నా చెడ్డది. మొత్తం నీళ్లు తెచ్చి ఒక్కచోట గుమ్మరిస్తుంది.

ఇప్పుడు వానలు పడే తీరు కూడా మారింది. నెల వాన ఒకటి రెండు రోజుల్లో దంచుతున్నది. 2021 సెప్టెంబరులో సిరిసిల్ల పట్టణం వీధుల్లో వరద పారిన సంగతి మన కళ్లముందటిదే. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అలాంటి రోజున నిచ్చెన వేసి చెత్త తీద్దామంటే కుదరదు. ముందు నుంచే తీసి ఉండాలి.

గోడ కింది నుంచే పోతుంది

మట్టి గోడ పైన తడిస్తే పెళ్లలు ఊడతాయి. కింది మూరెడు నానితే గోడే కూర్చుంటుంది. పైన దూలాలు, దంతెలు, పెంకల బరువంతా ఆ కింది మూరెడే మోస్తున్నది. పొంగిన నీళ్లు రోజూ అక్కడే పడితే మట్టి మెత్తబడి, బరువు మోయలేక పోతుంది. అదీ ఎక్కువగా రాత్రివేళ, అందరూ పండుకున్నప్పుడు.

2021 అక్టోబరులో జోగులాంబ గద్వాల జిల్లా కొత్తపల్లిలో వానలకు నానిన గోడ రాత్రి కూలి ఒకే ఇంట్లో ఐదుగురు చనిపోయారు. నానిన గోడ పక్కన పడక వేయడం ఎంత ముప్పో చెప్పడానికి ఇది చాలు. గోడ పొట్ట ఉబ్బినట్టు కనిపించినా, అడ్డంగా పగులు వచ్చినా, అడుగున మట్టి రాలుతున్నా ఆ గదిలో పడుకోవద్దు. పశువులను కూడా ఆ గోడకు కట్టేయవద్దు.

ఇటుక గోడ అంత తొందరగా కూలదు. కానీ చెమ్మ పైకి ఎక్కుతుంది, సున్నం రాలుతుంది, గడపలకు, దూలాలకు చెదలు పడతాయి.

పంటకూ దెబ్బే

మనకు విడిగా గోదాములు లేవు. పత్తి అయినా, మక్కలు అయినా, వచ్చే ఏటికి దాచుకున్న విత్తనమైనా ఇంట్లోనే గోడవార పెడతాం. కొనుగోలు కేంద్రంలో వడ్లకు తేమ 17 శాతం దాటొద్దు. భారత పత్తి సంస్థ మద్దతు ధరకు తీసుకునే పత్తికి 8 నుంచి 12 శాతం లోపు ఉండాలి. ఎండలో నాలుగు రోజులు తిప్పి ఆరబెట్టిన సరుకు చెమ్మ గోడకు ఆనితే మళ్లీ తేమ పట్టేస్తుంది. మక్కలకు, పల్లికాయకు బూజు పడితే విషం చేరుతుంది. అది మనిషికీ మంచిది కాదు, పశువుకూ మంచిది కాదు. బస్తాలను చెక్కల మీద పేర్చి, గోడకు జానెడు ఎడం ఉంచాలి. అంతకుముందు గోడను తడిపే దోనెను సరిచేయాలి.

ఏ ఇంటికి ఏ జబ్బు

గూనపెంక ఇల్లు: వానలకు ముందు పెంకలు సదిరించడం పెద్దల నాటి పద్ధతి. ఇప్పుడు కోతులు రోజూ పెంకలు కదిలిస్తున్నాయి కాబట్టి ఒక్కసారితో సరిపోదు. రెండు కప్పులు కలిసే మూలన వేసిన రేకులో మట్టి, పెంక ముక్కలు, ఆకు పేరుకుంటాయి. ఇల్లు ఉరిసేది చాలావరకు అక్కడే.

రేకుల ఇల్లు: రేకు అంచు దోనె లోపలికి రెండు అంగుళాలు దిగి ఉండాలి. తక్కువైతే నీళ్లు రేకు అడుగు పట్టుకొని వెనక్కి, గోడ మీదికే వస్తాయి. ఇనుప దోనెలో తడి ఆకు నెలల తరబడి ఉంటే తుప్పు పట్టి చిల్లులు పడతాయి.

డాబా: మక్కలు, పసుపు, మిరప ఆరబోసినప్పుడు పొట్టు, గింజలు, దుమ్ము తూము వైపు కొట్టుకుపోతాయి. గడ్డి వాము డాబా మీద వేస్తే మరీ కష్టం. పత్తి ఇంట్లో దాచినవాళ్లకు దూది పింజలు ఎగిరి తూములో చిక్కుకుంటాయి, దుమ్ముతో కలిసి బిరడాలా బిగుసుకుంటాయి. నీళ్లు నిలిచిన డాబా నాలుగేళ్లకే ఉరవడం మొదలుపెడుతుంది. పిట్టరెట్టతో పడ్డ రావి, మర్రి గింజలు తూము దగ్గరే మొలుస్తాయి. రెండాకుల మీద ఉన్నప్పుడే వేరుతో పీకాలి. పెరిగాక పైన కోస్తే లాభం లేదు.

ఏడాదికి ఐదు మార్లు

పొలం పనుల మధ్య తేదీలు గుర్తుండవు. అందుకని పండుగలకు, కార్తెలకు ముడి వేసుకుంటే సులువు.

1. ఉగాది తర్వాత: వేపాకు రాలడం అప్పటికి అయిపోతుంది. ఎండాకు గలగలమంటూ చేత్తోనే వస్తుంది. ఏడాది మొత్తంలో ఎక్కువ చెత్త దొరికేది ఈసారే.

2. రోహిణి కార్తెలో: మరమ్మతుల సమయం ఇది. మృగశిర వచ్చేసరికి చిల్లులు పూడ్చడం, కొక్కేలు బిగించడం, పెంకలు సదరడం అయిపోవాలి.

3. మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు: ఆ వానకు కప్పు మీది దుమ్మంతా దోనెలోకి దిగుతుంది. తీయకుంటే బురద గట్టిపడి గడ్డి మొలుస్తుంది.

4. బతుకమ్మ పండుగకు ఇల్లు అలుకు పూత చేసుకునేటప్పుడు: హస్త, చిత్త కార్తెల వానలు ఇంకా ఉంటాయి.

5. సంక్రాంతి తర్వాత: పత్తి పింజలు, పంట పొట్టు, పతంగుల దారం, పిట్టగూళ్లు తీసేయాలి. గూట్లో గుడ్లు, పిల్లలు ఉంటే ఎగిరిపోయేదాకా ఆగాలి.

ఇంటి మీద చెట్టు వాలి ఉన్నవాళ్లు వానాకాలమంతా పదిహేను రోజులకోసారి చూసుకోవాలి. కప్పు మీదికి వచ్చిన కొమ్మలను ఎండాకాలంలోనే కొట్టించాలి.

తీసే పద్ధతి

గొట్టం ఉన్న వైపు నుంచి మొదలుపెట్టి ఎత్తు వైపు పోవాలి. ముందుగా గొట్టం మూతిలో పాత గుడ్డ కుక్కితే చెత్త లోపలికి జారదు. పని అయ్యాక ఆ గుడ్డ తీయడం మరిచిపోవద్దు. కర్రతో కదిలించి చూశాకే చెయ్యి పెట్టాలి. తేళ్లు, జెర్రులు, ఒక్కోసారి పాములు కూడా తడి ఆకు కింద ఉంటాయి. చెత్తను కిందికి విసరకుండా తట్టలోకి తీసుకుంటే పెంటకుప్పకు పనికొస్తుంది. సిమెంటు రేకుల మీది బురద మాత్రం ఎరువులో వేయవద్దు.

తర్వాత ఎత్తు వైపు నుంచి ఒక బిందెడు నీళ్లు పోయాలి. నీళ్లు ఎక్కడ నిలిస్తే అక్కడ వాటం తప్పినట్టు. పది అడుగులకు ఒక అంగుళం వాలు ఉంటే చాలు. రెండు మూడు అడుగులకు ఒక కొక్కెం ఉండాలి. కొక్కెం ఊడినచోటే దోనె కుంగుతుంది, అక్కడే చెత్త ఆగుతుంది. గొట్టం మూతికి జాలి పెట్టాలి, ఆ జాలిని కూడా వాన వాననా తుడవాలి.

ఇనుప దోనెకు చిన్న చిల్లులుంటే తుప్పు గీకి, బాగా ఆరాక తారు గానీ ఎంసీల్ గానీ పట్టించవచ్చు. మొత్తం తిన్నదైతే అతుకులు దండగ. ఆరు అంగుళాల ప్లాస్టిక్ పైపును నిలువునా చీల్చి కట్టుకుంటే తుప్పు బాధ ఉండదు. 600 చదరపు అడుగుల కప్పుకు నాలుగు అంగుళాల దిగుడు గొట్టాలు రెండైనా ఉండాలి. కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లు స్లాబు పోసేనాడే మేస్త్రీని పక్కన నిలబెట్టుకొని వాలు, తూములు చూసుకోవాలి. తర్వాత పగలగొట్టి పెట్టే తూము దగ్గర ఉరుపు తప్పదు.

ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

• వాన పడుతుండగా, కప్పు తడిగా ఉండగా ఎక్కవద్దు. కింద నిచ్చెన పట్టుకునే మనిషి ఉండాలి.

• సిమెంటు రేకు నడుమ కాలు పెడితే విరుగుతుంది. చాలామంది పడి నడుములు విరగ్గొట్టుకునేది ఇలాగే. నిచ్చెన మీదుండే పని చేయాలి. తప్పనిసరైతే కింద వాసం ఉన్నచోట పలక వేసి, దాని మీద నడవాలి.

• సిమెంటు రేకును పొడిగా గీకవద్దు. చాలా రేకుల్లో ఉండే ఆస్‌బెస్టాస్ నూగు ఊపిరితిత్తులకు చెరుపు. నీళ్లు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకొని తుడవాలి.

• సర్వీసు తీగ ఇనుప రేకుకు, దోనెకు తగలకూడదు. మెయిన్ ఆపాకే నిచ్చెన వేయాలి. దోనె కొక్కేలకు బట్టలారేసే ఇనుప తీగ కట్టవద్దు. రేకు జిమ్మని కొట్టినట్టు అనిపిస్తే మెయిన్ ఆపి లైన్‌మన్‌కు చెప్పాలి.

దోమకు ఉయ్యాల

డెంగీ దోమ మురుగులో కన్నా మంచినీళ్లలోనే ఎక్కువ గుడ్లు పెడుతుంది. పూడిన దోనెలో నిలిచిన వాననీళ్లు దానికి చాలు. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి తొట్లు ఆరబెట్టాలని ఆరోగ్య కార్యకర్తలు చెప్పేది. వాడ అంతా తొట్లు కడిగినా, తలెత్తి చూడని దోనెలో నీళ్లుంటే దోమ తగ్గదు.

నీళ్లను ఎటు పంపాలి

గొట్టం నీళ్లు గోడ మొదట్లో పడితే చేసిన పని వృథా. గోడ వెంట రెండడుగుల వెడల్పున బయటికి వాలుగా బండలు గానీ చప్టా గానీ వేయాలి. గొట్టం నీళ్లను పది అడుగుల దూరంలో ఇంకుడు గుంతలోకి మళ్లించాలి. గతంలో ఉపాధి పనుల్లో తవ్విన గుంతలు చాలా ఇండ్ల ముందు పూడి ఉన్నాయి. వాటిలోని రాళ్లు తీసి, కడిగి, మళ్లీ నింపుకుంటే చాలు. ఏడాదిలో 900 మిల్లీమీటర్ల వాన పడిందనుకుంటే, వృథా పోగా ఆ 600 చదరపు అడుగుల కప్పు నుంచే 40 వేల లీటర్ల దాకా భూమిలోకి పంపవచ్చు. పశువులకు, పెరటి చెట్లకు పట్టుకునేవాళ్లు మొదటి వాన నీళ్లు వదిలేయాలి. సిమెంటు రేకుల మీది నీళ్లు తాగడానికి వాడవద్దు.

ఈ పనికి పెద్ద ఖర్చు లేదు. నిచ్చెన, తట్ట, కర్ర, ఒక బిందెడు నీళ్లు, పూటకు ఇద్దరు మనుషులు. అలాంటి పూటలు ఏడాదికి ఐదు. నాట్ల ముందు పొలం కాలువ పూడిక తీయనిదే ఎవరూ నీళ్లు వదలరు. ఇంటి కాలువకూ అదే పద్ధతి. ఈసారి పొలం నుంచి తిరిగొచ్చేటప్పుడు వాకిట్లో ఒక్క నిమిషం ఆగి చూరు వైపు తలెత్తి చూడండి. దోనెలో పచ్చగా గడ్డి కనిపిస్తే ఆ పని రేపటికి వాయిదా వేయకండి.