చాదర్‌ఘాట్ బడి మాస్టారు

మన బరంపురం తెలుగు బడుల్లో డ్రిల్లు పీరియడంటే చాలామందికి అలుసే. పరీక్షలు దగ్గరపడితే లెక్కల మాస్టారో సైన్సు మాస్టారో ముందుగా అడిగి తీసుకునేది ఆ పీరియడునే. ఇలాంటి చోట సయ్యద్ అబ్దుల్ రహీమ్ గురించి చెప్పుకోవాలి. 2024లో వచ్చిన ‘మైదాన్’ హిందీ సినిమా చూసిన పిల్లలకు ఆ పేరు తెలిసే ఉంటుంది. ఆయన మొదట బడిపంతులు.

రహీమ్ 1909లో పుట్టారు. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టుకు ఆడారు. 1918లో మొదలైన ఆ విశ్వవిద్యాలయంలో అప్పట్లో బోధన ఉర్దూలో. ఇంగ్లీషులో చదవకపోతే బతుకు లేదని మనతో వాదించే తల్లిదండ్రులకు ఈ మాట చెప్పవచ్చు. చదువయ్యాక కాచిగూడ మిడిల్ స్కూల్లో, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పనిచేశారు. వ్యాయామవిద్యలో డిప్లొమా చేసి బడి ఆటల బాధ్యత తీసుకున్నారు.

1943లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు ఆ జట్టుదే. దాని వెనకున్న పద్ధతి మాత్రం బడి పద్ధతే. అలవాటు లేని కాలితోనే బంతి తన్నాలని నియమం పెట్టి పోటీలు నడిపేవారు. బంతిని కాళ్ల దగ్గరే తిప్పుకుంటూ పోకూడదని ఇంకో పోటీ. కుడికాలి వాటం కుర్రాడికి మొదట నవ్వులాటగా ఉంటుంది. పోను పోను ఎడమకాలూ మాట వింటుంది. బంతి రాగానే పక్కవాడికి అందించడం అలవాటవుతుంది. దీనికి ఖర్చేముంది? ఒక బంతి, కాస్త ఖాళీ జాగా చాలు. మన పి.ఇ.టి. మాస్టార్లు రేపే మొదలుపెట్టవచ్చు.

ఆయన శిక్షణలో భారత్ 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1తో చిత్తయింది. అప్పటికి మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడేవారు. 1956 మెల్‌బోర్న్‌కు వెళ్లేసరికి కథ మారింది. ఆస్ట్రేలియాపై 4–2తో గెలిచి, చివరికి నాలుగో స్థానం దక్కించుకున్నాం.

ఇక 1962 జకార్తా. రహీమ్‌కు అప్పటికే క్యాన్సర్. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా 2–0తో ఓడించింది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ అతన్ని పక్కన కూర్చోబెట్టకుండా ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. లక్షమంది దాకా ఉన్న స్టేడియంలో జనం మనవాళ్లను గేలిచేస్తున్నారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఇంకో గోలు కొట్టారు. 2–1.

తొమ్మిది నెలలు తిరిగాక, 1963 జూన్ 11న రహీమ్ కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆ తర్వాత స్వర్ణం రాలేదు.