పాతచీరల బొంత, ఇంటిలో కుట్టుమూల

తెలుగు ఇండ్లలో పాతచీర వెంటనే పారవేయు వస్తువు కాదు. కట్టుకొనుటకు పనికిరాదనుకొన్న పిమ్మట అది బిడ్డకు ఉయ్యాల అగును, పొత్తిగుడ్డ అగును, కడపట వంటయింట మసిగుడ్డ అగును. అటువంటి చీరలు నాలుగైదు కూడినచో బొంత అగును. పాతబట్టలను పొరలు పొరలుగా పరచి, పొరలు కదలకుండ మొదటినుండి చివరవరకు కుట్టినదే బొంత. దానిని క్రింద పరచుకొనవచ్చును, చలికి పైన కప్పుకొనవచ్చును. దూది కొననక్కరలేదు, ఏకువానిని పిలువనక్కరలేదు. చేతినుండి పడు ఖర్చు దారమునకు మాత్రమే.

అందుచేతనే బొంతను పొదుపునకు నిదర్శనముగా చెప్పుదురు. అయితే ఈ పొదుపు నిజమైనది కావలెనన్నచో రెండు లెక్కలు చూడవలెను. బట్టలో ఇంకను ఎంత సత్తువ మిగిలియున్నది అనునది మొదటి లెక్క. దానిని కుట్టు మనిషి చేతులకు, కన్నులకు, నడుమునకు ఎంత శ్రమ కలుగును అనునది రెండవది. మొదటి లెక్క తప్పినచో బొంత ఏడాది తిరుగకముందే చినుగును. రెండవ లెక్క తప్పినచో బొంత సగములో ఆగి అటకకెక్కును. మొదటిదానిని మన పెద్దలు బాగుగ ఎరుగుదురు. రెండవదానిని పలు ఇండ్లలో ఎవరును లెక్కింపరు.

ముందుగా బొంత వెచ్చగా ఉండుటకు కారణమేమో తెలిసికొందము. బట్ట తనంతట తాను వేడిని పుట్టింపదు. మన శరీరపు వేడి త్వరగా బయటికి పోకుండ ఆపును. పొరల నడుమ చిక్కుకొని కదలక నిలిచిన గాలియే ఈ పని చేయును. ఒక మందపు గుడ్డకంటె పలుచని పొరలు కొన్ని కలిసి వెచ్చగా ఉండుట ఇందువలననే. కుట్టును మరీ బిగించి లాగినచో గాలికి చోటు తగ్గి బొంత అట్టవలె గట్టిపడును. మరీ వదలినచో లోపలి పొరలు ముడుచుకొని ఒకచోట ఉండలు కట్టును. నూలుబట్ట నీటిని పీల్చుకొనును గనుక వానకాలములో గాలి ఉండవలసిన చోట తేమ చేరును. అందుచేత ఎండ కాసిన దినమున బొంతను ఆరవేయుట శుభ్రతకే గాక వెచ్చదనమునకు కూడ అవసరము.

ఇక బట్ట పరీక్ష. పాతదంతయు బొంతకు పనికివచ్చునని అనుకొనరాదు. చీరను వెలుతురునకు ఎదురుగా పట్టి చూడవలెను. నేత పలుచబడి జల్లెడవలె కనిపించు భాగము పై పొరకు పనికిరాదు. తరువాత రెండు బొటనవ్రేళ్ళ నడుమ బట్టను పట్టి లాగవలెను. చిన్న చప్పుడుతో విడిపోయినచో దానిలో సత్తువ లేదన్నమాట. దానిని బొంతలో పెట్టుటకంటె మసిగుడ్డ చేయుట మేలు. సాధారణముగా చీరలో కూర్చుండుచోట, కుచ్చిళ్ళు నేలకు రాచుకొను చోట బట్ట ముందుగా అరుగును. లోపలి చెరగు గట్టిగా మిగులును. అంచు అన్నిటికంటె గట్టిది గనుక దానిని విడిగా కత్తిరించి దాచినచో బొంత నాలుగు ప్రక్కల పట్టీ వేయుటకు పనికివచ్చును. జరీ ఉన్న భాగమును తీసివేయవలెను. అది ఒంటికి గీచుకొనును, ప్రక్క పోగులను కోయును.

గంజి పెట్టిన చీరలను బాగుగ ఉతికి, గంజి పూర్తిగా వదలిన తరువాతనే వాడవలెను. గంజి మిగిలిన బట్టకు పురుగు చేరును. రంగు దిగునో లేదో తెలియుటకు తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూచిన చాలును. నేటి ఇండ్లలో ఇంకొక జాగ్రత్త కూడ కావలెను. పూర్వము పాతచీరలలో ఎక్కువ భాగము నూలువే. ఇప్పుడు పెట్టె తెరచినచో సగము పాలియెస్టరు చీరలే కనిపించును. పాలియెస్టరు చెమటను పీల్చదు, నిప్పు తగిలినచో కరగి ఒంటికి అంటుకొనును, ఉతికినప్పుడు నూలుతో సమానముగా కుదించుకొనదు. నూలుపొరల నడుమ దానిని చేర్చినచో నాలుగు ఉతుకులకే బొంత ముడుతలు పడును. కావున నూలును నూలుతోనే కలుపవలెను.

చీర సుమారు ఐదున్నర మీటర్ల పొడవు, 1 మీటరు 15 సెంటీమీటర్ల వెడల్పు ఉండుననుకొందము. దానిని పొడవున మూడు మడతలు వేసినచో 1 మీటరు 83 సెంటీమీటర్ల పొడవుగల మూడు పొరలు వచ్చును. రెండు చీరలకు ఆరు పొరలు. ఒక్కరు పరచుకొనుటకు ఇది చాలును. ఇద్దరు కప్పుకొనుటకైనచో చీరను నడిమికి కత్తిరించి, రెండు ముక్కలను పొడుగు అంచుల వెంబడి కలిపి కుట్టవలెను. అప్పుడు ఒక్కొక్క చీర ఒక్కొక్క పెద్ద పొర అగును. అటువంటివి నాలుగు చాలును. అంతకు మించినచో బొంత బరువెక్కి, తడిసినప్పుడు పిండుటకు ఇద్దరు మనుషులు కావలసివచ్చును.

పొరలను పేర్చుటలో ఒక క్రమము కలదు. అరిగిన బట్ట నడుమ, గట్టిబట్ట పైనను క్రిందను ఉండవలెను. శుభ్రమైన నేలపై చాప పరచి, మొదటి పొరను ముడుత లేకుండ సాగదీసి, మూలలయందు పొత్రమువంటి బరువులు పెట్టవలెను. ఒక్కొక్క పొరను నడుమనుండి అంచులవైపు చేతితో నిమురుచు పరచవలెను. పిమ్మట జానెడు దూరమున పెద్ద పెద్ద టాకాలు వేసినచో పొరలు కదలవు. అసలు కుట్టు సూది క్రిందికి పైకి పోవు సామాన్యమైన కుట్టే. దబ్బనము వాడరాదు. అది చేయు రంధ్రము పెద్దది, అచ్చటనే బట్ట చినుగును. పొడవైన సన్నని సూది, మైనము రాచిన రెండు పేటల దారము మంచివి. వరుసకు వరుసకు నడుమ రెండున్నర సెంటీమీటర్లు విడిచినచో చిన్న బొంతకు సుమారు 46 వరుసలు, 200 మీటర్ల దారము పట్టును. దినమునకు రెండు వరుసల చొప్పున 23 దినములకు ముగియును. ఈ లెక్క ముందుగా తెలిసియుండుట మంచిది. ఒక్క ఆదివారముతో ముగించవలెనని కూర్చుండినవారు సోమవారము చేయి వాచి విడిచిపెట్టుదురు.

పేదరికమునుండి పుట్టిన ఈ పని అందము లేనిదని తలచరాదు. వంగదేశపు స్త్రీలు పాతచీరల అంచులనుండి రంగుపోగులు తీసి, ఆ పోగులతోనే కాంథాలపై పూలు, చేపలు, పల్లకీలు కుట్టిరి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలములుగల సిద్దీ స్త్రీలు కవంది అను బొంతను అంచునుండి మొదలిడి లోపలికి చుట్టును కుట్టుకొనుచు వత్తురు. నాలుగు మూలలందును మడిచిన చిన్న గుడ్డముక్కలను పూలవలె నిలుపుదురు. అమెరికాలోని అలబామా రాష్ట్రమున జీస్ బెండ్ అను పల్లెలో, బానిసల సంతతికి చెందిన నల్లజాతి స్త్రీలు అరిగిన పొలముబట్టలతో బొంతలు కుట్టెడివారు. 2002లో అవి హ్యూస్టన్ నగరపు లలితకళా ప్రదర్శనశాలలోను, పిమ్మట న్యూయార్కులోని విట్నీ ప్రదర్శనశాలలోను గోడలకెక్కినవి. కుట్టిన నాడు మాత్రము అవి చలిగాలి దూరు ఇండ్లలో బిడ్డలకు కప్పిన గుడ్డలే. చూచువారు తరువాత వచ్చిరి. శ్రమ ముందే జరిగియుండెను.

అట్టి శ్రమ చేయు మనిషికి మన ఇంటిలో చోటెక్కడ? సాధారణముగా వంట ముగిసి, అందరును భుజించిన పిమ్మట, ఎవరికిని అడ్డము కాని చోట, చాలని వెలుతురులో ఆమె కూర్చుండును. ఎవరైన రాగానే అంతయు చుట్టి లేచును. తిరిగి పరచి సరిదిద్దుటకే సగము కాలము పోవును. బొంతలు సగములో ఆగుటకు ముఖ్యకారణము ఓపిక లేకపోవుట కాదు, చోటు లేకపోవుట.

కుట్టుమూలకు ప్రత్యేకమైన గది అక్కరలేదు. రెండు చాపలు పట్టు నేల, ఒక కిటికీ చాలును. కుడిచేతితో కుట్టువారికి వెలుతురు ఎడమవైపునుండి రావలెను. లేనిచో చేతి నీడ కుట్టుపై పడును. ఉత్తరపు కిటికీ వెలుతురు పగలంతయు ఒకేరీతిగా ఉండును గనుక అది శ్రేష్ఠము. రాత్రి కుట్టక తప్పనిచో దీపము ప్రక్కగా, చేతికి దగ్గరగా ఉండవలెను. గోడకు ఆనుకొని కూర్చుండి, మోకాలిక్రింద చిన్న దిండు పెట్టుకొనినచో నడుము నొవ్వదు. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయవలెను. నలుబది దాటి చత్వారము వచ్చినవారు అద్దాలు లేకుండ కుట్టుట పొదుపు కాదు, కన్నులను వృథాగా శ్రమపెట్టుటయే. గోడకు రెండు మేకులు కొట్టి, చుట్టిన బొంతను ఉంచుటకు ఒక జోలె కట్టినచో మరునాడు ఆగినచోటనే మొదలిడవచ్చును. రేడియో ఆ దాపుననే ఉన్నచో చేతులు పనిలో, చెవులు ప్రసంగములో ఉండును.

కుట్టుమిషను ఉన్నవారు దాని శక్తిని ఎరిగి వాడవలెను. మిషను అడుగున ఉన్న పండ్లు క్రింది పొరను ముందుకు నెట్టును, పై పొర పాదము క్రింద నొక్కబడి వెనుకబడును. పొరలు పెరిగినకొలది ఈ తేడా పెరిగి ముడుతలు పడును. కనుక మూడు నాలుగు పొరలకు మించి మిషనుపై వేయరాదు. 16వ నంబరు సూది పెట్టి, కుట్టును పొడవు చేసి, వరుసలను నడుమనుండి ప్రారంభించి ఇరుప్రక్కలకు పోవలెను. ముక్కలు అతుకుట, పట్టీ వేయుట మిషనుకు, నడిమి కుట్టు చేతికి విడిచినచో పని సులువగును.

కుట్టుమూలయందు అన్నిటికంటె ముఖ్యమైన నియమము సూదుల లెక్క. కూర్చుండునప్పుడు ఎన్ని సూదులు, గుండుసూదులు తీసితిమో, లేచునప్పుడు అన్నియు డబ్బాలో ఉండవలెను. ఒక్కటి తగ్గినను వెదకక లేవరాదు. ముగిసిన బొంతపై అయస్కాంతమును ఒకసారి త్రిప్పి చూచుట మంచిది. పొరల నడుమ విరిగి నిలిచిన సూదిముక్క కంటికి కనబడదు, పండుకొనిన బిడ్డ ఒంటికి తెలియును.

బిడ్డల సంగతి వచ్చినది గనుక మరియొక మాట. ఏడాది నిండని శిశువుపై బొంత కప్పి నిద్రపుచ్చరాదు. ముఖముపైకి జారినచో తొలగించుకొను శక్తి శిశువునకు లేదు, ఊపిరి ఆడకపోవు ప్రమాదము కలదు. మెత్తని బొంతను శిశువు క్రింద ఎత్తుగా పరచుటయు మంచిది కాదు. పడక చదునుగా, గట్టిగా ఉండవలెను. పగటివేళ పెద్దలు ప్రక్కన ఉండగా బిడ్డ నేలపై బోర్లపడి ఆడుకొనుటకు మాత్రము పలుచని బొంత ఎంతయు హాయి.

ఈ పనికి ఏడాదిలో కాలక్రమము కూడ కలదు. వేసవిలో పాతబట్టలు ఏరి, ఉతికి, గట్టి ఎండలో ఆరబెట్టవలెను. శ్రావణ భాద్రపదములలో వానకు ఇంటిపట్టున ఉండు మధ్యాహ్నములు కుట్టుటకు అనువు. ఆ క్రమమున సాగినచో మార్గశిరపు చలి రాకముందే బొంత చేతికి వచ్చును. మంచమున్నంతవరకే కాళ్ళు చాపుకొనవలెనని మన పెద్దలు చెప్పుదురు. బొంత కుట్టునప్పుడు ఆ మాటను బట్టకే గాక, కుట్టు మనిషి ఓపికకు కూడ అన్వయించుకొనవలెను. దినమునకు రెండు వరుసలు, వెలుతురున్న ఒక మూల, ఆ గంటసేపు ఆమెను పనికి పిలువని ఇంటివారు ఉన్నచో చాలును. ఇంటివారు ఎవరైనను ఎదుట కూర్చుండి సూదికి దారమెక్కించి ఇచ్చినచో పని మరింత త్వరగా ముగియును.