అరికాలి మచ్చ, ఆగని కణం

చిల్లకల్లు, జగ్గయ్యపేట మెట్టపొలాల్లో మిరపకోతలు ఎండలు ముదిరేదాకా సాగుతాయి. అంత ఎండలో వంగి కోసే కూలీలకైనా ఎండవల్ల చర్మ క్యాన్సర్ రావడం అరుదే. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అతినీలలోహిత కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది. మనవాళ్లలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఎక్కువగా ఎండ తగలని అరికాల్లో, గోరు కింద పుడుతుంది. మరో రకం చర్మ క్యాన్సర్ ఏళ్లనాటి కాలిన మచ్చ మీద మానని పుండుగా మొదలవుతుంది. ఇలాంటి మచ్చ ముదురుతోందేమో సూచించగల గుర్తు ఒకటి కణంలోనే ఉంది. అదే టెలోమరేజ్.

క్రోమోజోముల కొసల్లో టీటీఏజీజీజీ అనే ఆరక్షరాల డీఎన్ఏ వరస వందలు, వేల సార్లు ఉంటుంది. దీన్ని టెలోమియర్ అంటారు. చీరకొంగు చివరి కుచ్చుముడుల్లా ఇది క్రోమోజోము కొస చెదిరిపోకుండా కాస్తుంది. కణం విభజన చెందిన ప్రతిసారీ ఈ కొస కొంత తరుగుతుంది. బాగా తరిగాక కణం విభజన మానేస్తుంది. మామూలు మానవ కణాలు ఒక హద్దు దాటి విభజన చెందవని 1961లో లెనార్డ్ హేఫ్లిక్ చూపాడు.

తరిగిన కొసను తిరిగి పెంచి, కణం ఆగకుండా విభజన చెందేలా చేసే ఎంజైమే టెలోమరేజ్. కెరోల్ గ్రైడర్, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ 1984లో టెట్రాహైమెనా అనే ఏకకణ జీవిలో దీన్ని కనుగొన్నారు. 2009లో జాక్ షోస్టాక్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. మన శరీరకణాల్లో చాలావాటిలో ఈ ఎంజైము అణగి ఉంటుంది. 1994లో జరిపిన పరీక్షలో 101 కణితి నమూనాలకుగాను 90లో ఇది చురుగ్గా కనిపించింది. 50 మామూలు కణజాలాల్లో ఒక్కదానిలోనూ కనిపించలేదు.

చర్మం దగ్గర లెక్క అంత తేలిగ్గా తేలదు. పైపొర అడుగున ఉండే కణాలు నిత్యం కొత్త చర్మాన్ని పుట్టిస్తుంటాయి. అందువల్ల ఆరోగ్యమైన చర్మంలోనూ కొద్దిపాటి టెలోమరేజ్ ఉంటుంది. కాబట్టి అది ఎంత ఉందో చూడాలి. మామూలు పుట్టుమచ్చలో తక్కువగా ఉండేది మెలనోమాలో పెరుగుతుంది. ఈ పెరుగుదలకు ఒక కారణం 2013లో తెలిసింది. టెలోమరేజ్ జన్యువును నడిపే డీఎన్ఏ భాగంలో ఒక్క అక్షరం మారితే చాలు, అణగి ఉన్న జన్యువు మేల్కొంటుంది. ఆ ఏడాది ఒక పరిశోధనలో పరీక్షించిన మెలనోమాల్లో దాదాపు 70 శాతంలో ఈ మార్పు ఉంది. పుట్టుమచ్చకూ మెలనోమాకూ నడిమి దశలోనే ఇది మొదలవుతుందని 2015 పరిశోధన తేల్చింది.

అయితే ఈ అక్షరమార్పు ఎండ వేసే ముద్ర. అరికాలి మెలనోమాల్లో చాలా తక్కువగా కనిపిస్తుంది. వాటిలో కొన్నింట అదే జన్యువుకు అదనపు ప్రతులు పుడతాయి. కాబట్టి ఈ మార్పును వెతికే, తెల్లచర్మం మీద నిగ్గుతేలిన పరీక్ష "మార్పు లేదు" అన్నంతమాత్రాన మన అరికాలి మచ్చ నిరపాయమని అనుకోరాదు. ఈ పరిశోధన మనవాళ్ల నమూనాల మీద ఇంకా విస్తృతంగా జరగాలి. నేటికీ ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూసే బయాప్సీదే తుదిమాట.

అరికాల్లో నల్లమచ్చ పెరుగుతున్నా, రంగో అంచో మారుతున్నా, కాలిన మచ్చ మీద పుండు నెల దాటినా మానకపోయినా డాక్టరుకు చూపించాలి. ఆనెకాయ అనుకుని కోసుకోకూడదు, పసరు కట్టి ఊరుకోకూడదు. విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మెలనోమా ఎంత లోతుకు దిగిందన్న దాన్నిబట్టే ప్రమాదం పెరుగుతుంది. పైపొరలో ఉండగానే తీసేస్తే చాలామంది పూర్తిగా కోలుకుంటారు.