కయప లెక్క

లాజరు సమాధిలోనుండి లేచిన తరువాత యెరూషలేములో మహాసభ కూడింది. యేసును ఇలాగే వదిలేస్తే రోమీయులు వచ్చి దేవాలయాన్నీ జనాన్నీ నాశనం చేస్తారని పెద్దలు భయపడ్డారు. జనం బతకాలంటే ఒక్కడు పోవడమే మేలని ప్రధానయాజకుడైన కయప తేల్చేశాడు (యోహాను 11వ అధ్యాయం). తన పదవి కోసమని అతడు అనలేదు. జనం కోసమన్నాడు.

దేశాన్ని ప్రేమించడం వేరు, దేశం పేరు చెప్పి అధికారం సంపాదించడం వేరు. బబులోను చెరలో ఉన్నవారిని సైతం ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థించమన్నాడు యిర్మీయా. మనమూ ఆగస్టు 15న మందిర ఆవరణలో జెండా ఎగరేస్తాం, పాలకుల కోసం ప్రార్థిస్తాం. అది మన విధి. రెండవది సంఘంలోకి ఎలా వస్తుందో తెలుసుకోవాలంటే 1933 నాటి జర్మనీని చూడాలి.

యుద్ధంలో ఓటమి, నష్టపరిహారాల భారం, నిరుద్యోగం జర్మన్లను కుంగదీశాయి. దేశానికి పోయిన పరువు తిరిగి తెస్తానన్న హిట్లర్ జనవరి 30న ఛాన్సలర్ అయ్యాడు. చాలామంది పాస్టర్లు దేవుని కార్యమనే సంతోషించారు. జూలైలో ప్రొటెస్టంటు సంఘ ఎన్నికలు జరిగాయి. ముందురోజు రాత్రి హిట్లర్ రేడియోలో మాట్లాడి 'జర్మన్ క్రైస్తవులు' అనే వర్గాన్ని సమర్థించాడు. ఆ వర్గం భారీ ఆధిక్యంతో గెలిచింది. ఒత్తిడి ఉన్నమాట నిజమే, కానీ ఓట్లు వేసింది బాప్తిస్మం పొందిన విశ్వాసులే.

సెప్టెంబరులో ప్రష్యా సంఘ మహాసభకు చాలామంది ప్రతినిధులు నాజీ యూనిఫాంలోనే వచ్చారు. యూదు వంశంలో పుట్టినవారు, అలాంటివారిని పెళ్లి చేసుకున్నవారు కాపరులుగా ఉండరాదన్న నియమాన్ని అక్కడ ఆమోదించారు. ఒక మనిషి క్రీస్తును ఒప్పుకుని, బాప్తిస్మం పొంది, అభిషేకం పొంది, బల్ల దగ్గర రొట్టె విరిచి ఇచ్చినా, ఇక అడిగేది అతని అమ్మమ్మ ఎవరని! నవంబరు 13న బెర్లిన్ స్పోర్ట్స్ ప్యాలెస్‌లో దాదాపు 20,000 మంది కూడిన సభలో ఒక నాయకుడు పాత నిబంధననే తీసేయాలన్నాడు. మొదట మనుషుల్ని తీసేయడానికి ఒప్పుకున్నారు, తరువాత వాక్యం వంతు వచ్చింది.

ఎదిరించినవారూ ఉన్నారు. మార్టిన్ నీమొల్లర్ మొదటి యుద్ధంలో జలాంతర్గామి కెప్టెన్. దేశభక్తిలో అతనికి వంక పెట్టలేరు. పైగా మొదట్లో హిట్లర్‌ను సమర్థించినవాడే. ఈ నియమాన్ని వ్యతిరేకించే పాస్టర్లను అతడు కూడగట్టాడు. 1937లో అరెస్టయి 1945 వరకు నిర్బంధంలోనే ఉన్నాడు. దేశం కోసం యుద్ధం చేసినవాడే దేశద్రోహి అయ్యాడు. పరీక్ష పెట్టేవాడి చేతిలోనే మార్కులూ ఉంటాయి మరి.

1934 మే నెలాఖరులో బార్మెన్‌లో కూడినవారు, సంఘం లోబడవలసినది యేసుక్రీస్తుకే గాని మరే శక్తికీ కాదని ప్రకటించారు. రాసినవారిలో ముఖ్యుడు కార్ల్ బార్త్. సెమినరీలో దీన్ని మేము విజయగాథగానే చదువుకున్నాం. కానీ అందులోని ఆరు అంశాల్లో యూదుల గురించి ఒక్క మాట లేదు. అది తన తప్పేనని బార్త్ చాలా ఏళ్ల తరువాత ఒప్పుకున్నాడు. యుద్ధం ముగిశాక, 1945 అక్టోబరులో, సంఘ నాయకులు స్టుట్‌గార్ట్‌లో కూడి తమ అపరాధాన్ని ఒప్పుకుంటూ ఒక ప్రకటన చేశారు. యూదుల పేరు అందులోనూ లేదు.