ఇంజిన్ విప్పకుండా మసి వదులుతుందా? కార్బన్ తొలగింపు పద్ధతుల్లో నిజమెంత, ప్రచారమెంత

భిలాయ్: 'ఇంజిన్ విప్పాల్సిన పని లేదు, గంటలోపే కార్బన్ మొత్తం పోతుంది, మైలేజీ పెరుగుతుంది' అనే ప్రకటనలు దేశంలోని అనేక నగరాల్లో కొన్నేళ్లుగా కనిపిస్తున్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు నగరం భిలాయ్‌లో, నెహ్రూ నగర్ వంటి నివాస ప్రాంతాల వాహనదారుల ముందుకూ ఈ ప్రశ్న వస్తోంది. కొందరు దీన్ని అద్భుత చికిత్సగా భావిస్తుంటే, మరికొందరు పూర్తిగా మోసమని కొట్టిపారేస్తున్నారు. వాస్తవం ఈ రెండింటి మధ్య ఉంది. ఏ పద్ధతి ఏ భాగంలోని మసిని తొలగించగలదో తెలుసుకుంటే అనవసరపు ఖర్చు తప్పుతుంది, ఇంజిన్‌కు హాని కూడా తప్పుతుంది.

మసి పుట్టుక

పెట్రోలు, డీజిల్ రెండూ ప్రధానంగా కార్బన్, హైడ్రోజన్ కలిసిన పదార్థాలు. దహనం సంపూర్ణంగా జరిగితే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి మాత్రమే మిగలాలి. ఇథనాల్ కలపని పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి అవసరం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇంధనం పూర్తిగా ఆవిరి కాదు. అందుకే ఆ సమయంలో ఇంజిన్ అవసరానికి మించి ఇంధనం తీసుకుంటుంది. అందులో మండని భాగం సిలిండర్ గోడలపై, పిస్టన్ తలపై, వాల్వులపై జిగురు పొరగా చేరి, వేడికి ఎండి గట్టిపడుతుంది. పిస్టన్ రింగుల పక్కనుంచి పైకి చేరే ఇంజిన్ ఆయిల్, క్రాంక్ కేసు నుంచి గాలి మార్గంలోకి మళ్లించే ఆయిల్ ఆవిరి ఈ పొరను మరింత మందం చేస్తాయి.

దూరం తక్కువగా ఉండే ప్రయాణాలే మసికి ప్రధాన కారణమని నిపుణులు చెబుతారు. భిలాయ్ జీవన విధానం ఇందుకు సరిగ్గా సరిపోతుంది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో రూపుదిద్దుకుని, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ఉక్కు కర్మాగారం చుట్టూ ఈ నగరం పెరిగింది. ఉపాధి కోసం వచ్చి తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇంటి నుంచి కర్మాగారం ద్వారం వరకు, పిల్లల బడి వరకు, సాయంత్రం బజారు వరకు సాగే ప్రయాణం చాలామందికి కొద్ది కిలోమీటర్లే. ఇంజిన్ పూర్తిగా వేడెక్కే లోపే బండి ఆగిపోతుంది. ఏళ్ల తరబడి ఇదే కొనసాగితే, మీటరులో తిరిగిన దూరం తక్కువగానే ఉన్నా లోపలి మసి ఎక్కువగా ఉండవచ్చు.

మూడు చోట్లు, మూడు సమస్యలు

మసి అంతా ఒక్కటే కాదు. అది ఎక్కడ పేరుకుంది అనే దాన్ని బట్టి లక్షణాలు, పరిష్కారం రెండూ మారతాయి.

మొదటిది, గాలి లోపలికి వచ్చే మార్గం. థ్రాటిల్ బాడీ వద్ద జిగట మసి చేరితే ఇంజిన్ నిలకడగా ఆడదు, సిగ్నల్ వద్ద ఆగిపోతుంది. ఇంటేక్ వాల్వు వెనుక భాగాన మసి పేరుకుంటే గాలి ప్రవాహం దెబ్బతిని పికప్ తగ్గుతుంది.

రెండవది, దహన గది. పిస్టన్ తలపై మసి పొర మందమైతే గది ఘనపరిమాణం కొంత తగ్గి పీడనం పెరుగుతుంది. పొర వేడిని పట్టి ఉంచుతుంది కనుక ఇంధనం సమయానికి ముందే అంటుకోవచ్చు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ 'టక్ టక్' మని కొట్టుకునే నాకింగ్ శబ్దం దీని ఫలితమే. ఇలాంటి ఇంజిన్ కొత్తగా ఉన్నప్పటి కంటే ఎక్కువ ఆక్టేన్ గల పెట్రోలును కోరుతుంది.

మూడవది, పొగ బయటకు వెళ్లే మార్గం. డీజిల్ వాహనాల్లోని ఇ.జి.ఆర్. వాల్వు, మసిని పట్టి ఉంచే ఫిల్టర్ ఈ భాగంలోకి వస్తాయి.

స్కూటర్ల కాలం నాటి పద్ధతి

రెండు స్ట్రోకుల స్కూటర్లు రోడ్లను ఏలిన రోజుల్లో కార్బన్ తొలగించడం మెకానిక్‌కు నిత్యకృత్యం. పెట్రోలులోనే ఆయిల్ కలిపి మండించడం వల్ల మసి త్వరగా చేరేది. సిలిండర్ హెడ్ విప్పి, పిస్టన్ తలను గీకి, పొగ వెళ్లే రంధ్రాన్ని శుభ్రం చేసేవారు. సైలెన్సర్‌ను విడిగా తీసి నిప్పుల మీద కాల్చి, తట్టి మసి రాల్చేవారు. ఆ పని కంటికి కనిపించేది, ఫలితంపై సందేహానికి తావుండేది కాదు. నేటి ఇంజిన్లలో హెడ్ విప్పడం పెద్ద పని. గాస్కెట్లు మార్చాలి, బోల్టులను నిర్ణీత బలంతో బిగించాలి, టైమింగ్ తిరిగి సరిచేయాలి. విప్పకుండా శుభ్రం చేసే పద్ధతులకు గిరాకీ పెరగడానికి ఇదే కారణం.

ఇంధనంలో కలిపే రసాయనాలు

వీటిలో శాస్త్రీయంగా బలమైన ఆధారం ఉన్నది ఇంధనంలో కలిపే డిటర్జెంటు రసాయనాలకు. పాలీఈథర్ అమైన్ అనే తరగతి రసాయనం అధిక వేడిని కొంతవరకు తట్టుకుని, మసి పొరను మెత్తబరిచి ఇంధనంతో పాటు కాలిపోయేలా చేస్తుంది. మసి ఇంజెక్టర్లను, వాల్వులను పాడుచేసి ఉద్గారాలను పెంచుతుందని గుర్తించిన అమెరికా, 1995 నుంచి పెట్రోలులో డిటర్జెంటును తప్పనిసరి చేసింది. 2004లో కొన్ని వాహన కంపెనీలు కలిసి అంతకంటే ఎక్కువ శుభ్రపరిచే శక్తి గల ఇంధనానికి 'టాప్ టియర్' పేరిట ప్రమాణాన్ని రూపొందించాయి.

ఈ రసాయనాల పని నెమ్మదిగా, ట్యాంకు ఖాళీ అయ్యే వరకు సాగుతుంది. సీసాపై సూచించిన మోతాదును మించితే మేలు పెరగదు. మరో పరిమితి ముఖ్యమైనది. ఇంధనం తాకిన చోట మాత్రమే ఇవి పనిచేస్తాయి. సాధారణ ఇంజిన్లలో పెట్రోలు ఇంటేక్ వాల్వు వెనుక చల్లుకుంటుంది కనుక వాల్వు కడిగినట్టవుతుంది. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో ఇంధనం ఆ వాల్వు వెనుక భాగాన్ని తాకదు. ట్యాంకులో ఎంత రసాయనం పోసినా అక్కడి మసి అలాగే ఉంటుంది.

స్ప్రేలు, అక్రోటు పెంకులు

గాలి మార్గంలోకి ద్రావణిని చల్లే పద్ధతి థ్రాటిల్ బాడీ వద్ద చక్కగా పనిచేస్తుంది. వాల్వులపై గట్టిపడిన మసి విషయంలో ఫలితం పాక్షికమే. డైరెక్ట్ ఇంజెక్షన్ వాల్వులకు ఎక్కువ నమ్మదగిన మార్గం అక్రోటు పెంకుల పొడిని గాలి పీడనంతో కొట్టడం. ఇందుకు ఇంటేక్ మానిఫోల్డును విప్పాలి గానీ సిలిండర్ హెడ్‌ను కదిలించనవసరం లేదు. వాల్వు మూసి ఉన్న స్థితిలోనే ఈ పని చేయాలి. పెంకుల పొడి మసిని గీకుతుంది, లోహాన్ని గాయపరచదు.

కార్బ్యురేటర్ కాలంలో కొందరు నడుస్తున్న ఇంజిన్‌లోకి నీటిని చుక్కలుగా వదిలేవారు. ఆవిరి మసిని వదులు చేస్తుందన్నది నిజమే. కానీ నీరు ఎక్కువైతే పిస్టన్ దాన్ని అణచలేదు. ఫలితంగా కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంట్లో ప్రయత్నించదగిన పని కాదిది.

హైడ్రోజన్ యంత్రం ఏం చేస్తుంది?

అత్యధికంగా ప్రచారంలో ఉన్నది హైడ్రోజన్ పద్ధతి. యంత్రంలోని నీటిని విద్యుత్ విశ్లేషణ ద్వారా హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడదీస్తారు. ఒక లీటరు నీటి నుంచి ప్రామాణిక పరిస్థితుల్లో సుమారు 1,240 లీటర్ల హైడ్రోజన్, 620 లీటర్ల ఆక్సిజన్ వస్తాయి. ఆ మిశ్రమాన్ని గొట్టం ద్వారా గాలి మార్గంలోకి పంపుతూ ఇంజిన్‌ను నిలబెట్టి నడుపుతారు. హైడ్రోజన్ మంట వేగానికి, వేడికి కార్బన్ కాలిపోతుందన్నది నిర్వాహకుల వాదన.

ఈ వాదనను పరీక్షించడానికి భిలాయ్ వాసులకు దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. ఉక్కు తయారీకి అవసరమైన కోక్‌ను వండే కోక్ ఓవెన్ల గోడలపై, పైకప్పుపై కూడా కార్బన్ గట్టిగా పేరుకుంటుంది. ఓవెన్ ఖాళీగా ఉన్నప్పుడు లోపలికి గాలిని వదిలి దాన్ని కాల్చివేయడం ఈ పరిశ్రమలో తెలిసిన పద్ధతి. విప్పకుండా కార్బన్ తొలగించడమంటే అసలు ఇదే. కానీ అక్కడ ఇటుక గోడే 1,000 డిగ్రీల సెల్సియస్‌ను దాటిన వేడిలో ఉంటుంది. ఆక్సిజన్ అందితే చాలు, కార్బన్ మండుతుంది.

ఇంజిన్‌లో పరిస్థితి వేరు. పెట్రోలు మంట కూడా 2,000 డిగ్రీలు దాటుతుంది. అయితే అది సెకనులో అతి స్వల్ప భాగమే ఉంటుంది. మసి అంటుకున్న లోహాన్ని నీరు, ఆయిల్ నిరంతరం చల్లబరుస్తుంటాయి. అల్యూమినియం 660 డిగ్రీల వద్దే కరుగుతుంది కనుక పిస్టన్ తల అంతకంటే చాలా తక్కువ వేడిలో ఉండక తప్పదు. పైగా బండిని నిలబెట్టి నడిపినప్పుడు ఇంజిన్‌పై భారం ఉండదు, లోహం మరింత చల్లగా ఉంటుంది. దహన గదిలోని మెత్తని మసిపై కొంత ప్రభావం ఉండవచ్చు గానీ, గట్టిపడిన పొర మొత్తం గంటలో పోతుందనడం నమ్మశక్యం కాదు.

ఇంకో మౌలిక అంశమూ ఉంది. మంట పుట్టేది ఇంటేక్ వాల్వు మూసుకున్న తరువాత, సిలిండర్ లోపల. వాల్వు వెనుక భాగం మంటకు అవతల ఉంటుంది. అక్కడికి చేరే హైడ్రోజన్ మండని వాయువు మాత్రమే. దానికి కార్బన్‌ను కరిగించే శక్తి ఆ వేడిలో ఉండదు.

మరి తేడా ఎందుకు తెలుస్తుంది?

ఇలాంటి సర్వీసు తరువాత బండి తేలికగా నడుస్తోందని చెప్పేవారు తక్కువేమీ కాదు. వారి అనుభవం అబద్ధం కానక్కర్లేదు, కారణం వేరు కావచ్చు. అదే సమయంలో ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు మార్చి, థ్రాటిల్ బాడీ శుభ్రం చేస్తే ఆ మార్పు సహజంగానే తెలుస్తుంది.

పొగ పరీక్ష పత్రం కూడా తప్పుదారి పట్టించవచ్చు. పెట్రోలు వాహనాల్లోని క్యాటలిటిక్ కన్వర్టర్ సుమారు 250 నుంచి 300 డిగ్రీల వేడికి చేరాకే విష వాయువులను సమర్థంగా మార్చగలదు. చల్లటి ఇంజిన్‌తో ఒక రీడింగ్, అరగంట నడిపాక మరో రీడింగ్ తీస్తే, ఏ చికిత్స చేయకపోయినా రెండవది మెరుగ్గా వస్తుంది. ఈ పరీక్ష ఇంజిన్ లోపలి మసిని కొలవదు కూడా.

నిజమైన రుజువు ఒక్కటే. స్పార్క్ ప్లగ్ రంధ్రం గుండా బోరోస్కోప్ అనే సన్నని కెమెరాను పంపి, ముందు ఒకసారి, తరువాత ఒకసారి ఫొటో తీయాలి. మైలేజీని డ్యాష్‌బోర్డు అంకెతో కాకుండా, ట్యాంకు నిండుగా పోయించి, కొన్ని వందల కిలోమీటర్లు ఎప్పటి దారిలోనే నడిపి, మళ్లీ నింపి లెక్కించాలి.

డీజిల్ వాహనాలకు ప్రత్యేక జాగ్రత్త

2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బి.ఎస్.6 ప్రమాణాలతో డీజిల్ కార్లలో మసి ఫిల్టర్ సాధారణమైంది. దీనికి తనను తాను శుభ్రం చేసుకునే ఏర్పాటు ఉంది. వాహనం తగిన వేగంతో నిలకడగా సాగినప్పుడు ఫిల్టర్ వేడి దాదాపు 600 డిగ్రీలకు చేరి, పట్టి ఉంచిన మసి కాలిపోతుంది. తక్కువ దూరాలకే వాడే బండ్లలో ఈ ప్రక్రియ మధ్యలోనే ఆగిపోయి హెచ్చరిక దీపం వెలుగుతుంది. అప్పుడు వాహన కరదీపికలో సూచించిన విధంగా హైవేపై కొంతసేపు నిలకడగా నడపడమే మొదటి చికిత్స. దీపాన్ని పట్టించుకోకపోతే ఫిల్టర్ పూర్తిగా మూసుకుపోయి ఖరీదైన మరమ్మతుకు దారితీస్తుంది. ఫిల్టర్‌నే తీసివేయించడం ఉద్గార నియమాల ఉల్లంఘన.

డీజిల్ ఇంజిన్ గాలి మార్గంలోకి మండే స్ప్రేలను కొట్టడం ప్రమాదకరం. డీజిల్ ఇంజిన్‌లో గాలి పీడనపు వేడికే ఇంధనం అంటుకుంటుంది. లోపలికి వచ్చిన స్ప్రే కూడా ఇంధనంగా మారి, తాళం తిప్పినా ఆగకుండా ఇంజిన్ వేగం పెరిగిపోవచ్చు. టర్బో ఉన్న ఏ ఇంజిన్‌లోనైనా పెళుసుగా ఊడిన మసి ముక్కలు టర్బో రెక్కలను దెబ్బతీసే అవకాశం ఉంది.

వాహనదారులు ఏం చేయాలి?

ముందుగా లక్షణానికి కారణం మసేనా అని తేల్చుకోవాలి. పికప్ తగ్గడానికి క్లచ్ అరుగుదల, బ్రేకు పట్టేయడం, టైర్లలో గాలి తగ్గడం, బలహీనమైన స్పార్క్ ప్లగ్ కూడా కారణాలు కావచ్చు. స్కానర్‌తో తప్పు కోడ్లు చూసి, కంప్రెషన్ పరీక్ష చేయించడం తొలి మెట్టు. నీలి పొగ వస్తూ ఆయిల్ తగ్గుతుంటే రింగులు లేదా వాల్వు సీళ్లు అరిగినట్టు. మసి తొలగించినా అది మళ్లీ చేరుతుంది.

సర్వీసుకు ఒప్పుకునే ముందు మూడు ప్రశ్నలు అడగడం మంచిది. ఏ భాగంలోని మసిని తొలగిస్తారు? ముందు, తరువాత కెమెరాతో చూపిస్తారా? వారంటీలో ఉన్న వాహనమైతే తయారీ సంస్థ ఈ పద్ధతిని అనుమతిస్తుందా? హైడ్రోజన్, ఆక్సిజన్ మిశ్రమం చిన్న నిప్పురవ్వకే పేలుతుంది కనుక గాలి వెలుతురు లేని షెడ్డులో ఆ పని చేయించరాదు. ద్రావణులు వాడిన తరువాత ఇంజిన్ ఆయిల్ మార్పించడం శ్రేయస్కరం.

మసి చేరకుండా చూసుకోవడం అన్నిటికంటే చవక. సూచించిన గ్రేడు ఆయిల్‌ను గడువుకు మార్చడం, ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉంచడం, చిన్న పనులన్నిటినీ కలిపి ఒకే ప్రయాణంలో ముగించడం ఇందులో ముఖ్యమైనవి. వారానికి ఒకసారైనా అరగంట పాటు బయటి రోడ్డుపై ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలా నడిపితే, ఆయిల్‌లో చేరిన తేమ, ఇంధన ఆవిరి బయటకు పోతాయి. అవసరమైతే ఏడాదికి ఒకటి రెండుసార్లు నాణ్యమైన ఇంధన డిటర్జెంటును సూచించిన మోతాదులో వాడవచ్చు. అర కిలోమీటరు దూరంలోని దుకాణానికి బండి తీయకుండా నడిచి వెళ్లినా ఆ మేరకు ఇంజిన్‌లో మసి తగ్గినట్టే.