కేక, కూనిరాగం: పాత పడవకు కొత్త రాడార్

1960లలో హాంకాంగ్‌లో చెక్కతోను, 1973 నుంచి ఫైబర్‌గ్లాస్‌తోను తయారైన గ్రాండ్ బ్యాంక్స్ విహార నౌకలు ఇప్పటికీ అమెరికా వాయవ్య తీరంలో, సియాటిల్‌కు ఉత్తరాన దీవుల మధ్య నిదానంగా తిరుగుతూనే ఉన్నాయి. యాభై ఏళ్లు ఆ పడవల మేనుకు, డీజిల్ యంత్రానికి పెద్ద వయసు కాదు గాని, చుక్కాని ముందు అమర్చిన ఎలక్ట్రానిక్ పరికరాలు మాత్రం పదిహేనేళ్లకే ముసలివైపోతాయి. వాటిని మార్చదలచిన యజమాని సాధారణంగా తెర ఎంత పెద్దదో, పటం ఎంత అందంగా కనబడుతుందో ముందు చూస్తాడు. ఈ క్రమం తలకిందులైనది. లోతు, దిశ, స్థానం వంటి చిన్న సమాచారమంతా సెకనుకు 2,50,000 బిట్లు మోసే ఎన్ఎమ్ఈఏ 2000 అనే ఉమ్మడి తీగ మీద ఏ కంపెనీ పరికరం నుంచి ఏ కంపెనీ పరికరానికైనా వెళ్లగలదు. రాడార్ చిత్రం అందులో ఇమడదు కనుక అది వేరే ఈథర్నెట్ తీగ మీద, తయారీదారు సొంత భాషలో ప్రయాణిస్తుంది. అంటే రాడార్‌ను ఎంచుకున్నవాడు తెరను కూడా ఎంచుకున్నట్టే. పైగా ఉపగ్రహాల సాయంతో పనిచేసే జీపీఎస్ పడవ ఎక్కడున్నదో చెబుతుందే తప్ప, ఆగస్టు పొగమంచులో ఎదురుగా వస్తున్న ఫెర్రీ సంగతి దానికి తెలియదు.

పాత పడవ స్తంభం మీద తిరిగే రాడార్‌కు గుండెకాయ మాగ్నెట్రాన్. రేడియో తరంగాల తరంగదైర్ఘ్యం ఎంత తక్కువైతే అంత చిన్న ఏంటెనాతో సన్నని పుంజాన్ని పంపవచ్చునని అందరికీ తెలిసినా, అంత పొట్టి తరంగాలను బలంగా పుట్టించే సాధనం చాలాకాలం దొరకలేదు. 1940 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ రాండల్, హ్యారీ బూట్ ఒక రాగి దిమ్మెలో మధ్య రంధ్రం చుట్టూ ఆరు కుహరాలు తొలిచి, సుమారు పది సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద దాదాపు 400 వాట్లు రాబట్టారు. మధ్యనున్న వేడి కాథోడ్ నుంచి రాగి గోడవైపు పరుగెత్తే ఎలక్ట్రాన్లను అయస్కాంతం వంచి గుండ్రంగా తిప్పుతుంది. అవి కుహరాల నోళ్ల మీదుగా సాగేటప్పుడు, ఖాళీ సీసా మూతి మీద ఊదితే లోపలి గాలి మోగినట్టు, ఒక్కొక్క కుహరంలో విద్యుదయస్కాంత డోలనం మొదలవుతుంది. ఆ డోలనమే మళ్లీ ఎలక్ట్రాన్లను బండిచక్రపు ఆకుల్లా గుంపులు కట్టించి, తనను తాను ఇంకా బలంగా మోగించుకుంటుంది. అదే ఏడాది బ్రిటన్ పంపిన టిజార్డ్ బృందం దీన్ని అమెరికాకు తీసుకువెళ్లింది. యుద్ధం, నౌకలు, చివరకు వంటగదిలోని మైక్రోవేవ్ ఓవెన్ దాకా దాని తర్వాతి కథ తెలిసిందే.

మాగ్నెట్రాన్‌కు తెలిసిన విద్య ఒక్కటే: గట్టిగా కేకవేసి మౌనంగా వినడం. చిన్న పడవ రాడార్‌లో ఆ కేక నాలుగు కిలోవాట్లది, ఉదాహరణకు సెకనులో కోటవ వంతు, అంటే 0.1 మైక్రోసెకను పాటు సాగుతుంది. తరంగం మైక్రోసెకనుకు 300 మీటర్లు వెళుతుంది, అందులో సగం పోవడానికి, సగం రావడానికి, కాబట్టి 0.1 మైక్రోసెకను కేకతో ఒకే దిశలో 15 మీటర్ల దూరంలో ఉన్న రెండు వస్తువులను విడదీసి చూడవచ్చు. కేకను పొడిగిస్తే ఎక్కువ శక్తి వెళ్లి దూరపు వస్తువు కనబడుతుంది గాని, దగ్గరదగ్గరగా ఉన్న రెండూ ఒకటే మరకగా కలిసిపోతాయి. దూరమా, స్పష్టతా అన్న ఈ పేచీని కేకవేసే యంత్రం తనంతట తాను తీర్చుకోలేదు.

మాగ్నెట్రాన్‌కు ప్రత్యర్థి అర్ధవాహకాలతో చేసిన ట్రాన్సిస్టర్. అది కేకవేయలేదు, పడవ రాడార్‌లో దాని సామర్థ్యం కొన్ని పదుల వాట్లే. అయితే శక్తి అంటే సామర్థ్యాన్ని కాలంతో గుణించగా వచ్చేది కనుక, 4,000 వాట్లను 0.1 మైక్రోసెకను పాటు పంపినా, 25 వాట్లను 16 మైక్రోసెకన్ల పాటు పంపినా బయటికి వెళ్లేది సరిగ్గా అదే 0.4 మిల్లీజౌలు. చిక్కల్లా 16 మైక్రోసెకన్ల స్పందం (పల్స్) సముద్రం మీద 2,400 మీటర్ల మరకను గీస్తుందన్నదే. ఇక్కడే ఈ రంగంలోకెల్లా చమత్కారమైన ఉపాయం వస్తుంది: స్పందాన్ని ఒకే శ్రుతిలో ఉంచక, మొదటి నుంచి చివరిదాకా దాని పౌనఃపున్యాన్ని క్రమంగా, ఉదాహరణకు పది మెగాహెర్ట్జ్ మేర, పెంచుతూ పోతారు. 'స' నుంచి 'ని' దాకా వరుసగా పాడిన స్వరాలు తిరిగి వచ్చినప్పుడు, ముందు వచ్చిన 'స'ను ఎక్కువసేపు, వెనక వచ్చిన 'ని'ని అతి తక్కువసేపు ఆపి, అన్నిటినీ ఒకే క్షణంలో వదిలితే ఏమవుతుందో గ్రాహకంలోని గణితం అదే చేస్తుంది. 16 మైక్రోసెకన్ల కూనిరాగం 0.1 మైక్రోసెకను కేకగా ముడుచుకుంటుంది. రెండు ప్రతిధ్వనులు ఒకదానిమీద ఒకటి పడినా, ఒకటి 'గ' దగ్గర ఉన్న క్షణాన రెండవది ఇంకా 'రి' దగ్గరే ఉంటుంది కనుక అవి కలగాపులగం కావు. గబ్బిలాల్లో చాలా జాతులు ఇలాంటి జారుడు స్వరంతోనే పురుగులను పట్టుకుంటాయి. తిరుపతి సమీపంలోని గాదంకిలో పై వాతావరణపు గాలులను కొలిచే రాడార్ కూడా, స్వరాన్ని జార్చకుండా దశను (ఫేజ్‌ను) సంకేతంగా మారుస్తూ, పొడవైన స్పందాన్ని ఇలాగే ముడుస్తుంది.

ఉపాయం ఉచితంగా రాలేదు. పాడుతున్నంతసేపూ చెవులు మూసుకోవాలి కనుక ఆ 16 మైక్రోసెకన్లలో తిరిగొచ్చేవన్నీ, అంటే మొదటి 2,400 మీటర్లలోనివి, అరకొరగానే వినబడతాయి. అందుకని మధ్యమధ్య పొట్టి స్పందాలను కూడా పంపుతారు. పెద్ద ఫెర్రీ వంటి బలమైన ప్రతిధ్వనికి ముందూ వెనకా లేత నీడలు కూడా పడవచ్చు.

నేవికో కంపెనీ 2009లో తెచ్చిన రాడార్ మరింత సాహసించి స్పందాన్నే వదిలేసింది. వాట్‌లో పదోవంతుతో ఎడతెగకుండా పాడుతూ, వేరే ఏంటెనాతో ఎడతెగకుండా వింటుంది. దాని స్వరం మిల్లీసెకనులో 50 మెగాహెర్ట్జ్ పెరుగుతుందనుకుంటే, 1,500 మీటర్ల దూరపు వస్తువు ప్రతిధ్వని పది మైక్రోసెకన్లు ఆలస్యంగా రావడం వల్ల, అప్పుడు పాడుతున్న స్వరానికీ తిరిగొచ్చిన స్వరానికీ 500 కిలోహెర్ట్జ్ తేడా ఉంటుంది. ఆ తేడాయే దూరం. పడవల రేవులో పక్క పడవ కూడా విడిగా కనబడేంత దగ్గరి చూపు దీనిది. దూరపు చూపు మాత్రం తక్కువ, పైగా రాకాన్ అనే దీపస్తంభపు బదులుయంత్రం రాడార్ కేక వింటేనే మోర్స్ గుర్తుతో పలుకుతుంది కనుక, ఈ గొణుగుడుకు అది మేలుకోదు.

ఆ తర్వాత ఏడెనిమిదేళ్లలోనే పెద్ద కంపెనీలన్నీ ముడిచే స్పందాల రాడార్లను తెచ్చాయి. ప్రతి స్పందాన్నీ లెక్కప్రకారం ఒకే దశతో మొదలుపెట్టగలవు కాబట్టి ఇవి ఎదురుగా వచ్చే వస్తువు వేగాన్ని సెకనుకు ఒక మీటరుకు సుమారు 63 హెర్ట్జ్ చొప్పున పసిగట్టి, దాన్ని వేరే రంగులో చూపగలవు. మాగ్నెట్రాన్ కేకలు ఎప్పుడూ ఏదో ఒక దశలో మొదలవుతాయి కనుక దానికి ఈ పని కష్టం.

అయితే ఏ రాగం పాడినా పుంజపు వెడల్పును నిర్ణయించేది ఏంటెనా వెడల్పే. 45 సెంటీమీటర్ల గుమ్మటం నుంచి వెలువడే పుంజం ఐదు డిగ్రీలు, అంటే నాటికల్ మైలు దూరాన దాదాపు 160 మీటర్ల వెడల్పు. నాలుగు అడుగుల బారు ఏంటెనాకు అదే 60 మీటర్లకు తగ్గుతుంది. పెద్ద తెరకు పెట్టే డబ్బును దీనికి మళ్లించడమే తెలివి, పాత స్తంభం ఆ బరువును మోయగలిగితే. నీటిమట్టానికి తేలే దుంగను మాత్రం ఏ రాడారూ నమ్మకంగా చూపదు, దానికి మనిషి కళ్లే కావాలి. బిగించే రోజున స్తంభం లోపలి పాత లావు తీగను వెంటనే పీకేయరు. దాని చివరకు కొత్త సన్నని తీగను కట్టి, పాతదాన్ని కిందికి లాగితే కొత్తది దాని వెంటే గొట్టంలోకి దిగుతుంది.