వినోద వనములు – ఆశాభంగము

గత సంవత్సరము మా విద్యార్థులు 42 మందితో కలిసి విహారయాత్రకు వెళ్లినాము. నగరమునకు సమీపముననున్న ఒక వినోద వనమది. పేరుతో పని లేదు. ఆరు నెలలుగా బస్సుల వెనుక, పత్రికలలో, చేతి ఫోనులలో దాని ప్రకటనయే. పురాణకాలపు నగరములోనికి నడచి పోవచ్చునని, ఆ రాజవీథులలో ఒక దినము నివసింపవచ్చునని ఆ ప్రకటన చెప్పినది. ‘మాయాబజార్’ చిత్రమును ఎన్నిమార్లు చూచినామో మాకే లెక్క తెలియదు. యాత్రను కమిటీవారి ముందు ప్రతిపాదించినది కూడ మేమే. కావున ఆశాభంగములో మొదటి వాటా మాదే.

ఉదయము పది గంటలకు లోనికి పోయి, చీకటి పడువరకు మూడు ఆటలు మాత్రమే ఎక్కగలిగినాము. ఒక్కొక్క వరుసలో గంటకు మించి నిలబడవలసి వచ్చినది. రాజప్రాసాదపు స్తంభమును తట్టినచో డొల్లగా మ్రోగినది. ఒక విద్యార్థి దాని వెనుకకు పోయి చూచి వచ్చి, “సార్, వెనుక గోడే లేదు, కర్రలున్నాయి” అన్నాడు. అతని తండ్రి ఆటో నడుపును, తల్లి బీడీలు చుట్టును. యాత్ర రుసుమును మూడు విడతలుగా కట్టినాడు. తిరుగు ప్రయాణమున బస్సులో అతడు ఒక్క మాటయు మాట్లాడలేదు. ఆ మౌనమే మాచే ఈ వ్యాసము వ్రాయించుచున్నది.

వెనుక గోడ ఎందుకు లేదు? సినిమా సెట్టు ఒక్క కంటికొరకు కట్టబడును. ఆ కన్ను కెమెరాది. కెమెరా ఎచ్చట నిలుచునో, ఎంత మేర చూచునో ముందే నిర్ణయింతురు. ఆ మేర దాటి ఒక్క మేకు కొట్టినను దండుగ. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో మార్కస్ బార్ట్లీ స్టూడియో దీపములతో వెన్నెల కురిపించినాడు. ఆ వెన్నెలను మనము నమ్మినాము, ఏలయన దర్శకుడు కె.వి. రెడ్డి చూపదలచిన వైపు నుండి మాత్రమే చూచినాము. వినోద వనమునకు పోయిన మనిషికి కాళ్లున్నవి. అతడు ప్రక్కకు తిరుగును, స్తంభమును తట్టును, వెనుకకు పోవును. చిత్రము దాచిన దంతయు అతనికి కనబడును. అభిమానికి మరింత కనబడును, ఏలయన ఏది ఎచ్చట ఉండవలెనో అతనికి కంఠస్థము. 1996లో రామోజీ ఫిలిం సిటీ వెలసిన తరువాత సెట్టులను చూచుటయే మన ప్రాంతమున ఒక విహారమైనది. అయితే సెట్టును సెట్టని చెప్పి చూపుట వేరు, నగరమని చెప్పి చూపుట వేరు.

వరుసల సంగతి కేవలము గణితము. ఉదాహరణకు ఒక ఆటలో 24 ఆసనములు, నాలుగు నిమిషముల కొక విడత అనుకొందము. గంటకు 360 మంది, ఎనిమిది గంటలకు 2,880 మంది. అట్టి ఆటలు పది ఉన్నచో దినమునకు 28,800 ఆసనములు. ఆ దినము 6,000 మంది వచ్చినచో మనిషికి ఐదు మార్లు కూడ రావు. ఆట రెండు నిమిషములదైనచో దినమంతటి వినోదము పది నిమిషముల లోపే! ఈ లెక్క టిక్కెట్లమ్మువానికి ముందే తెలియును; ప్రకటనలో మాత్రము కనబడదు.

ఇది మన దేశపు వింత కాదు. 1955 జులై 17న కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ ప్రారంభమైననాడు దొంగ టిక్కెట్లతో జనము క్రిక్కిరిసినది, ఎండకు తారు మెత్తబడినది, త్రాగునీటి కొళాయిలు చాలలేదు. ఆ సంస్థయే 2022 మార్చిలో ఫ్లోరిడాలో ‘స్టార్ వార్స్’ కథతో ఒక వసతిగృహము తెరచినది. రెండు రాత్రులకు ఇద్దరికి సుమారు 4,800 డాలర్లు. కథలో మీరే పాత్రలని ప్రచారము. మెచ్చినవారును లేకపోలేదు, అయినను 2023 సెప్టెంబరులో అది మూతపడినది. జెన్నీ నికొల్సన్ అను అభిమాని 2024లో సుమారు నాలుగు గంటల వీడియోలో తన అనుభవమును వివరించినది. విందు ప్రదర్శనలో ఆమెకు దొరికిన ఆసనము ఒక స్తంభము వెనుక! మా స్తంభము డొల్ల, ఆమె స్తంభము గట్టిది, అంతే భేదము.

ఇక మెదక్‌కు సుమారు ఇరువది కిలోమీటర్ల దూరముననున్న ఏడుపాయల మాట. మంజీర అచ్చట ఏడు పాయలుగా చీలును. వనదుర్గ ఆలయము, శివరాత్రి జాతర సుప్రసిద్ధములు. మా నాన్నగారు ఆ జాతరలో గాజుల దుకాణము పెట్టువారు. బాల్యమున ఆ దుకాణము వెనుకనుండియే జాతరను చూచినాము. దర్శనపు వరుస వినోద వనపు వరుసకంటె పొడవైనది, ఎండయు అధికము. అయినను మోసపోయినామన్న మాట మేము వినలేదు. ఒకరు వరుసలో నిలిచినచో మిగిలినవారు చెట్టు క్రింద పొయ్యి వెలిగింతురు, పిల్లలు నీళ్లలో దిగుదురు, స్త్రీలు మా దుకాణమునకు వచ్చి బేరమాడుదురు. నిరీక్షించు చోటే జాతర. ఎవరి మ్రొక్కు వారు ఇంటినుండి తెచ్చుకొందురు గాని ఎవరో వ్రాసిన కథలో పాత్రలగుటకు రారు.

అచ్చటి నీరు కూడ అంత సహజమని చెప్పజాలము. నిజాం కాలమున 1905లో ఘనపురం ఆనకట్ట కట్టినారు. మహబూబ్ నహర్, ఫతే నహర్ అను కాలువలు దానినుండియే పారును. శివరాత్రినాటికి నది సన్నగిల్లును గనుక భక్తుల స్నానములకు ఎగువ సింగూరు నుండి నీరు వదలుట కలదు. వానకాలమున ఆ నదియే పొంగి గుడిని ముంచివేయును. అప్పుడు ఉత్సవమూర్తికి రాజగోపురము వద్ద పూజలు జరుగును. గేట్లు ఉన్నవని అందరికి తెలియును. ఎవరును దాచలేదు.

ఈ యేడాది యాత్రకు రుసుము వసూలు చేయుటకు ముందు, ఎన్ని ఆటలు, ఎంతమందికి, ఎంత సేపు అని వ్రాతమూలకముగా అడిగి తెలిసికొనవలెనని కమిటీవారిని కోరినాము. ఉత్తరము ఇంకను వారి పరిశీలనలో ఉన్నది. ఈలోగా ఒక ఆదివారము కొందరు విద్యార్థులతో ఆర్టీసీ బస్సులో ఏడుపాయలకు పోయి వచ్చినాము. వెనుక గోడ వెదకిన విద్యార్థియు వచ్చినాడు. పాయలు లెక్కించి, “సార్, ఐదే ఉన్నాయి” అన్నాడు. మిగిలిన రెండింటిని వెదకుచు బండల మీదుగా పోయి, మేము కేక వేయువరకు తిరిగి రాలేదు.